మూడు వేళ్ళ అచ్చు

తాళంచెవి ఇంకా ఊగుతూనే ఉంది. ఫొటోపిన్ని స్టూలు దిగి, తడిగుడ్డతో నేలమీది పాదాల గుర్తులు తుడుస్తూ, దానిమీద ఓ కన్నేసి ఉంచింది. కప్పుకి బిగించిన కొక్కెం నుంచి తెల్లదారం, దారం చివర ఇత్తడి తాళంచెవి. ఈ ఇంటి వీధి తలుపుకి పూర్వం ఉన్న తాళానిది. తాళం మార్చినరోజు డాక్టరమ్మ పారెయ్యబోతే పిన్ని అడిగి తీసుకుంది. తాపీమేస్త్రీలు గోడ నిటారుగా లేస్తోందో లేదో గుండు వేలాడదీసి చూసుకుంటారే, అలాంటిదే ఇదీను. కాకపోతే ఆమె చూసేది గోడల్ని కాదు, మనుషుల్ని.

ప్రతి సాయంత్రం ఆ దారం విప్పి, చుట్టి, సొరుగులో పెడుతుంది. ప్రతి ఉదయం మళ్ళీ కడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

"అలా వదిలెయ్యొచ్చుగా పిన్నీ, ఎవడెత్తుకుపోతాడు?" అని డాక్టరమ్మ ఒకసారి అడిగింది.

"రాత్రంతా వేలాడితే దారం సాగుతుందమ్మా."

సాగదని ఇద్దరికీ తెలుసు. పొద్దున్నే వచ్చి తాళంచెవి ఊగడం ఆగేదాకా ఊరికే నిలబడడం పిన్నికి ఇష్టం, అంతే. ఆ రెండు నిమిషాలూ ఇల్లంతా ఆమెదే.

అది డాక్టరమ్మ సొంత ఇల్లు. పైన కాపురం, కింద ఆసుపత్రి. ఆసుపత్రి అంటే పెద్దగా ఏం లేదు. ముందుగదిలో నాలుగు కుర్చీలు, ఓ చేపల తొట్టె. ఆ పక్కన డాక్టరమ్మ గది. దాని వెనక ఈ ఫొటోల గది. పెరటివైపు ఆపరేషన్ల గది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రొమ్ములు పెంచుకోవడానికి వచ్చేవాళ్ళే. ఆపరేషనుకి ముందు అయిదు ఫొటోలు, తరవాత అయిదు. ఎదురుగా ఒకటి, అటు పక్కనుంచి రెండు, ఇటు పక్కనుంచి రెండు. వెనక గోడకి గళ్ళు గీసి ఉంటాయి. నేలమీద పసుపురంగు పాదాలు రెండు. వాటిమీద నిలబడితే దారం సరిగ్గా గొంతుగుంట ముందునుంచి బొడ్డు ముందుకి దిగుతుంది. ఫొటోలో తల రాదు. మెడ నుంచి నడుం దాకానే.

అందుకేనేమో, పిన్నికి మొహాలు గుర్తుండవు. బజార్లో ఎవరైనా "బావున్నారా పిన్నీ?" అని పలకరిస్తే, వాళ్ళు వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసేదాకా ఎవరో తెలియదు. నడకలో భుజాలు కదిలే తీరు చూసి, ఓహో, కుడివైపు కాలిన మచ్చ ఉన్నామె కదా, అనుకుంటుంది. వయసులో ఆరేళ్ళు పెద్దదైన డాక్టరమ్మతో సహా అందరికీ ఆమె పిన్నే. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది గానీ, దాన్నెవరూ వాడరు.

"పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ గుండెలన్నీ చూసొస్తావు, నా గుండె దడ మాత్రం నీకు పట్టదు" అంటుంది ఇంట్లో వదిన, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. వదినకి గుండె దడా లేదు, ఏమీ లేదు. అన్నయ్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. రోజుకో మాట అనకపోతే ఆమెకి తోచదు.

నిజానికి పిన్ని చూస్తుంది. చూడడమే ఆమెకి వచ్చిన పని. పంతొమ్మిదేళ్ళలో ఆ పసుపు పాదాలమీద నిలబడిన వేలమందిలో, రెండువైపులా అచ్చు ఒకేలా ఉన్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త బయటివైపుకి తిరిగినది. ఒకటి పైన, ఒకటి కింద. సిగ్గుపడి చేతులు అడ్డం పెట్టుకునే అమ్మాయిలకి ఆ మాటే చెబుతుంది. "అద్దంలో కనుబొమలు చూసుకో తల్లీ. రెండూ ఒక్కలా ఉన్నాయేమో చెప్పు. చెప్పులు కొనుక్కున్నప్పుడు ఒక కాలికి బిగుతుగా ఉండదూ? ఇదీ అంతే." వాళ్ళు నవ్వేస్తారు. చేతులు దిగుతాయి. పిన్ని మాత్రం నవ్వదు. మొదటిరోజు ఎంత ఆశ్చర్యంగా చూసిందో ఇప్పటికీ అంతే ఆశ్చర్యంగా చూస్తుంది. ఎవరు చేశారో గానీ, చేసినదాన్ని మళ్ళీ చెయ్యలేదు కదా, ఒకే మనిషిలో కూడా చెయ్యలేదు కదా అనుకుంటుంది.

తాళంచెవి ఆగింది.

వీధి తలుపు చప్పుడైంది. వచ్చింది పోస్టమ్మ. ఎనిమిది నెలల కిందట ఇక్కడ ఆపరేషను చేయించుకున్న మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. పద్నాలుగేళ్ళుగా ఉత్తరాల సంచి భుజాన వేసుకుని ఊరు తిరుగుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు, ఎవరూ అడక్కుండానే చెప్పింది: "ఎవరికోసమో కాదు పిన్నీ. మా ఆయనకైతే నేనెలా ఉన్నా ఒకటే, ఆయన ధ్యాసంతా రేడియోలోనే. నాకే కావాలనిపించింది. పదకొండేళ్ళుగా అనుకుంటున్నాను." ఆ మాట పిన్నికి నచ్చింది.

ఇవాళ ఆమె మొహంలో ఆ కళ లేదు. డ్యూటీ చొక్కాలోనే వచ్చింది. సంచి కుర్చీలో పెట్టి, దాని పక్కన ఒదిగి కూర్చుంది.

"ఏమ్మా, అలా ఉన్నావు?"

"చూడు పిన్నీ." పోస్టమ్మ లేచి నిలబడి చొక్కా కిందికి లాగింది. రొమ్ములమీద రెండు జేబులు. ఎడమ జేబు కుడిదానికంటే కిందికి ఉంది. "మా ఆఫీసులో స్టాంపులేసే ఆయన అన్నాడు, నీ చొక్కా కుట్టిన దర్జీకి మెల్లకన్నా అని. చొక్కా మార్చాను. అదీ అంతే. అప్పుడు తెలిసింది తేడా చొక్కాలో లేదని."

డాక్టరమ్మ పిలిచింది. తలుపు ఓరగా ఉంది. పక్కగదిలో ఫైళ్ళు సర్దుతున్న పిన్నికి మాటలన్నీ వినబడ్డాయి.

"ఎడమది ఒకటిన్నర సెంటీమీటర్లు దిగింది," అంది డాక్టరమ్మ, టేపు చుడుతూ. "ఆపరేషనుకి ముందు ఫొటో ఇదిగో, రెండూ సమంగా ఉన్నాయి. కోసేముందు గీతలు గీసింది కూడా సమంగానే. మరి మధ్యలో ఏం జరిగింది? నిజం చెప్పు, నేనేమీ కొట్టను."

కుర్చీ కిర్రుమంది. తరవాత పోస్టమ్మ గొంతు, చిన్నగా.

"ఆరు వారాలు బరువెత్తొద్దన్నారు. నాలుగో వారమే సంచి తగిలించుకున్నానండీ. నా బదులు వచ్చినతను ఉత్తరాలన్నీ తారుమారు చేస్తుంటే చూడలేకపోయాను. ఒకావిడకి కొడుకు రాసిన ఉత్తరం పక్క వీధిలో పడేశాడు."

"అదీ సంగతి."

"అంటే నేనే చేతులారా..."

"సరిచెయ్యొచ్చు. లోపల సిలికాన్ తిత్తి కూర్చోబెట్టిన చోటుని కొంచెం పైకి కుట్టాలి. కానీ మళ్ళీ అదే సంచి, అదే భుజం అయితే మళ్ళీ జారుతుంది. చేసి లాభమేంటి చెప్పు. ఆఫీసులో కూర్చుని చేసే పనేదీ ఇవ్వరా నీకు?"

"అడిగితే ఇస్తారు. కాగితం రాసి తెచ్చుకున్నాను కూడా. మీరిలాగే అంటారని నాకు తెలుసు." కవరు గరగరలాడింది. "నాలుగింటికల్లా ఇచ్చేస్తాను. ఇంక తిరగడం అయిపోయింది లెండి."

ఆ మాట ఎవరో చనిపోయారని చెప్పినట్టు చెప్పింది. పిన్ని చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది.

"సరే, ముందు ఫొటోలు తీయించుకునిరా. పిన్నీ!"

పోస్టమ్మ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అలవాటైన మనిషిలా పసుపు పాదాలమీద నిలబడింది. దారం ఆమె గొంతుగుంట ముందు ఆగింది. కుట్ల గీతలు సన్నగా, లేత గులాబీ రంగులో, మంచి పనితనంతో మానిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ చేతిలో తప్పేమీ లేదు.

"ఊపిరి పీల్చి వదిలెయ్. చేతులు వదులుగా. ఆఁ, అలాగే ఉండు."

పిన్ని వెళ్ళి ఆమె ఎడమ జబ్బ పట్టి, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు కలిపి మెల్లగా పైకి ఎత్తి వదిలింది. రెండడుగులు వెనక్కి వేసి కెమెరాలోంచి చూసింది. మీట నొక్కింది.

నొక్కాక అనుమానం వచ్చింది. రెండూ సమంగా ఉన్నాయి.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. గోడమీది గళ్ళు లెక్కపెట్టింది. ఒకే గీత మీద ఉన్నాయి. పక్కగదిలో డాక్టరమ్మ ఒకటిన్నర సెంటీమీటర్లంది కదా, టేపుతో కొలిచి మరీ చెప్పింది కదా? ఇంతలో పోస్టమ్మకి బలంగా ఓ నిట్టూర్పు వచ్చింది. ఆ నిట్టూర్పుతో ఎడమ భుజం దిగింది. భుజంతోపాటే రొమ్మూ దిగింది. సంతలో త్రాసు వాలినంత నెమ్మదిగా.

పిన్ని వెళ్ళి మళ్ళీ ఎత్తింది. సమం. వదిలింది. వాలింది.

"ఏంటి పిన్నీ?"

"ఏం లేదమ్మా. చొక్కా తొడుక్కుని కాస్త ముందుగదిలో కూర్చో. వెళ్ళిపోకు. నా మీద ఒట్టు, నేను చెప్పేదాకా ఆ కాగితం ఎవరికీ ఇవ్వకు."

తలుపు వేసుకుని, సొరుగులోంచి పోస్టమ్మ పాత ఫొటో ఇంకో ప్రతి తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. భుజాలు రెండూ గీత గీసినట్టున్నాయి. ఎడమ జబ్బమీద, కాస్త పరీక్షగా చూస్తే తప్ప తెలియనంత లేతగా, మూడు తెల్లటి మచ్చలు. వేళ్ళు నొక్కి తీసినచోట, నెత్తురు తిరిగి రాకముందు పడే మచ్చలు.

ఆమె తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు.

తన చెయ్యి ఈ పని చేస్తుందని ఆమెకి తెలియదా అంటే తెలుసు. ఊపిరి పీల్చుకుంటున్నామని తెలిసినట్టు తెలుసు. పదేళ్ళ వయసులో నేర్చుకున్న పని అది. పల్లెలో మేనమామకి ఫొటో స్టూడియో ఉండేది. బడి వదిలాక అక్కడే ఉండేది. నల్లగుడ్డ కింద దూరిన మేనమామ "కుడి భుజం!" అని అరిస్తే పరుగెత్తి వెళ్ళి మూడు వేళ్ళతో ఎత్తి వచ్చేది. "ఫొటోలో మనిషి నిటారుగా ఉండాలే పిల్లా. వంగడానికి మిగతా రోజులన్నీ ఉన్నాయి" అనేవాడు. కాడి మోసి వంగినవాళ్ళు, బిందెలు మోసి ఒరిగినవాళ్ళు, ఆమె వేళ్ళు తగలగానే రాజుల్లా లేచేవాళ్ళు. తమ ఫొటో చూసుకుని తామే కాదన్నట్టు మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం చూసే పిన్ని ఈ పనిని ప్రేమించింది. ఆ వేళ్ళు ఆ తరవాత ఎవరి భుజాన్నీ వంకరగా వదల్లేదు. ఇక్కడికి వచ్చాక కూడా వదల్లేదు. ఫొటోలకే కాదు, ఆపరేషను రోజు ఉదయం డాక్టరమ్మ ఊదారంగు పెన్నుతో గీతలు గీసేటప్పుడు కూడా. మనిషి కదలకుండా వెనకనుంచి జబ్బలు పట్టుకునేది ఎవరు? తనే.

సొరుగులు ఒక్కొక్కటే లాగింది. నిరుటివి. అంతకుముందువి. పదేళ్ళనాటివి. కిటికీ వెలుగులో ఒక్కొక్క ఫొటో ఎత్తి చూసింది. కుడి జబ్బమీద మూడు మచ్చలు. ఎడమ జబ్బమీద మూడు. మళ్ళీ ఎడమ. నల్లటి ఒళ్ళు, తెల్లటి ఒళ్ళు, ముడతలు పడ్డ ఒళ్ళు, పాలుగారే ఒళ్ళు. అన్నిటిమీదా తన అచ్చు. ఏ కాగితంమీదా తన పేరు లేదనుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ ప్రతిదానిమీదా సంతకం ఉంది. ఆమెకి భయం వెయ్యాలి. అంతకంటే ముందు ఒళ్ళు జలదరించింది. ఇంతమంది, ఇంత బరువు, ఇన్ని రకాల వాలు! చంటిపిల్లల్ని మోసిన వాలు, పుస్తకాలు మోసిన వాలు, పుట్టుకతో వచ్చిన వాలు. ప్రపంచమంతా ఒక పక్కకి ఒరిగే నడుస్తుంటే, ఈ చిన్న గదిలో ఒక్క క్షణంపాటు తను అందరినీ నిలబెట్టింది. డాక్టరమ్మ ఆ క్షణాన్ని కొలిచి కోసింది.

అప్పుడు గుర్తొచ్చారు, తేడా వచ్చిందని తిరిగొచ్చినవాళ్ళు. ఎక్కువమంది కాదు. వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకామెని, బిడ్డని ఎప్పుడూ ఒకే చంకనెత్తుకుంటావా అని అడిగారు. అవునంది. ఇంకొకామెని, ఒకే పక్కకి తిరిగి పడుకుంటావా అన్నారు. అవునంది. అందరూ ఏదో ఒకటి అవునన్నారు. తప్పు తమదే అనుకుని, థాంక్స్ కూడా చెప్పి వెళ్ళారు.

పిన్ని ఫొటోలు గుండెలకి హత్తుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

"సంచి కాదమ్మా."

"ఏ సంచి?"

"పోస్టమ్మ సంచి. అది కాదు. నా చెయ్యి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. "ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

పిన్నికి వివరించడం చేతకాలేదు. బల్లచుట్టూ తిరిగి వెళ్ళి, "లేవండి," అంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెని ఆజ్ఞాపించింది. డాక్టరమ్మ లేచింది. ఇన్నేళ్ళు బల్లమీదికి వంగి కుట్లు వేసిన కుడి భుజం కిందికి దిగి ఉంది. పిన్ని మూడు వేళ్ళతో దాన్ని ఎత్తింది. గాజు బీరువా తలుపులో ఇద్దరూ కనబడుతున్నారు. వదిలింది. మళ్ళీ ఎత్తింది. తరవాత ఫొటోలు బల్లమీద పరిచి, మచ్చలమీద వేలు పెట్టి చూపించింది.

డాక్టరమ్మ భూతద్దం తీసుకుంది. ఒకటి చూసింది. రెండోది చూసింది. మొహంలో రంగు మారింది.

"ఎంతమందికి చేశావిలా?"

"ఎవరి భుజం దిగి ఉంటే వాళ్ళందరికీనమ్మా."

"ఎవరి భుజం దిగి ఉండదు?"

"దిగని వాళ్ళని నేను చూళ్ళేదు."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. నవ్వో, ఇంకేదో, ఓ చిన్న శబ్దం వచ్చింది గొంతులోంచి. "పంతొమ్మిదేళ్ళూ మనుషుల్ని కొలుస్తున్నాననుకున్నాను పిన్నీ. నీ చేతిని కొలిచాను." ఫొటోలు దగ్గరికి లాక్కుని, "చూడాల్సింది నేను. నువ్వు పట్టుకునేదానివి, అంతే. టేపుకేసి చూశాను గానీ, తలెత్తి భుజంకేసి చూశానా?" అంది.

తరవాత లేచి ముందుగదిలోకి వెళ్ళింది. పిన్ని వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయింది. పోస్టమ్మ కంగారుగా లేచింది.

"కూర్చో. తప్పు నీది కాదు. నీ సంచిదీ కాదు," అంది డాక్టరమ్మ. "నీ భుజం ముందునుంచే దిగి ఉంది. మేం దాన్ని ఎత్తి పట్టుకుని కొలిచాం. మాది పొరపాటు. ఈసారి నువ్వు ఎలా నిలబడితే అలాగే కొలుస్తాను. ఒప్పుకుంటేనే చేస్తాను. ఇంకెక్కడైనా చేయించుకుంటానన్నా ఈ మాటే రాసిస్తాను."

పోస్టమ్మకి వెంటనే అందలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మరి సంచి?"

"నీ ఇష్టం. మోసుకో."

ఆమె కళ్ళు నిండాయి. తిడుతుందేమోనని పిన్ని ఎదురుచూసింది. తిడితే బావుండుననిపించింది కూడా. పోస్టమ్మ కోపంగానే అంది, "నెల్లాళ్ళుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను తెలుసా? సంచి ముట్టుకుంటే పాముని ముట్టుకున్నట్టుండేది." ఆ తరవాత కవరు తీసి చూసి, సంచి లోపలి అరలోకి తోసేసింది. "పద్నాలుగేళ్ళలో పంచకుండా దాచేసిన ఉత్తరం ఇదొక్కటే. పైవాళ్ళకి చెప్పకండి."

"ఒక్క ఫొటో," అంది పిన్ని. "సరైనది ఒకటి తీసుకోనియ్యమ్మా."

పసుపు పాదాలమీద పోస్టమ్మ మళ్ళీ నిలబడింది. పిన్ని కెమెరా వెనక నిలబడి, ఎడమచేత్తో తన కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కదిలింది. బిగించి పట్టింది.

దారం నిటారుగా ఉంది. దాని వెనక మనిషి తన దారిన తను నిలబడింది. ఎడమ భుజం లోయలోకి దిగినట్టు దిగింది. మెడనుంచి జబ్బదాకా కండ తాడులా పేనుకుని ఉంది. సంచి పట్టీ ఒరిసి ఒరిసి, అక్కడి చర్మం గుర్రపు జీనులా నునుపెక్కింది. వెన్ను ఆ బరువుకి జవాబు చెబుతూ అటుకాక ఇటు వంగింది, నడుం మళ్ళీ దాన్ని సర్దింది, తుంటి దాన్ని మోసింది. పద్నాలుగేళ్ళ ఉత్తరాలు. పుట్టుకలు, చావులు, ఉద్యోగాలు, అలకలు. ఎవరూ కొలవకుండా, ఎవరూ గీతలు గీయకుండా, ఒళ్ళు తనంతట తాను ఈ లెక్క తేల్చుకుంది, పడిపోకుండా నిలబడింది. దాని ముందు దారం ఎంత చిన్నది! పిన్నికి మణికట్టు వదిలి మీట నొక్కాలని కూడా కాసేపు తోచలేదు.

"అయిందా పిన్నీ? చలేస్తోంది."

"అయిందమ్మా. చాలా బావుంది."

వెళ్తూ వెళ్తూ పోస్టమ్మ గుమ్మంలో సంచి తగిలించుకుంది. ఎడమ భుజానికే.

"రేపట్నుంచి కూడా ఫొటోలు నువ్వే తియ్యి," అంది డాక్టరమ్మ మధ్యాహ్నం, మెట్లమీద ఫైళ్ళు గుట్టగా పోసుకుని కూర్చుని. "ఆ చెయ్యి మాత్రం జేబులో పెట్టుకో." ఆ మాట నవ్వుతూనే అంది. ఫోను చెవికి ఆన్చుకుని, ఒక్కో ఫైలు తెరిచి, పాతవాళ్ళని పేరు పేరునా పిలవడం మొదలుపెట్టింది. "అవునమ్మా, నేనే. ఒకసారి వచ్చి చూపించుకోగలవా? కాదు కాదు, నీ తప్పేం లేదు..."

మూడున్నరకి కొత్త అమ్మాయి వచ్చింది. తేనెరంగు ఒళ్ళు, సిగ్గుపడుతూ ముడుచుకున్న చేతులు. పిన్ని కనుబొమల మాట చెప్పింది. అమ్మాయి నవ్వింది. చేతులు దిగాయి. పిన్ని కెమెరా దగ్గరికి వచ్చి చూసేసరికి, ఆ అమ్మాయి కుడి జబ్బమీద మూడు మచ్చలు మెల్లగా ఎరుపెక్కుతూ కనబడ్డాయి.

ఎప్పుడు ఎత్తిందో ఆమెకి తెలియదు.

తన చేతిని తిప్పి చూసుకుంది. కోపం రాలేదు. నలభై అయిదేళ్ళుగా ఎవర్నీ వంగనివ్వని చెయ్యి. అది మానదు. మానమంటే పాపం, దానికేం తెలుసు? మచ్చలు మాయమయ్యేదాకా ఆగి, ఆ అమ్మాయిని హాయిగా నిలబడమని చెప్పి, మణికట్టు పట్టుకుని అయిదు ఫొటోలూ తీసింది.

సాయంత్రం కెమెరాకి గుడ్డ కప్పింది. పాదాల గుర్తులు ఇంకోసారి తుడిచింది. టిఫిన్ డబ్బా కడిగి సంచీలో పెట్టుకుంది. స్టూలెక్కింది, దారం విప్పడానికి. ముడిమీద చెయ్యి వేసి, విప్పకుండానే దింపింది. తన గుత్తిలోంచి ఈ ఇంటి వీధి తలుపు తాళంచెవి వేరుచేసింది. పంతొమ్మిదేళ్ళూ రోజూ తనతోపాటు ఇంటికి వచ్చి, తెల్లారి తనతోపాటు వెనక్కి వచ్చినది. రేపు తెల్లారి రానవసరం లేనిది. దాన్ని కూడా దారానికి కట్టింది, పాతదాని పక్కనే.

మెట్లమీద డాక్టరమ్మ ఇటు వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతోంది. కుడి భుజం దిగి ఉంది. పిన్ని ఆ భుజంకేసి కాసేపు చూసింది. చెయ్యి సంచీ పట్టీకి చుట్టుకుంది. చెప్పులు వేసుకుని, చేపలతొట్టె పక్కనుంచి నడిచి, వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆ కాస్త గాలికే ఫొటోల గదిలో దారం కదిలింది. తాళంచెవులు రెండూ ఒకదాన్నొకటి తాకుతూ కాసేపు ఊగి, ఒకటి పైనా ఒకటి కాస్త కిందా, అలాగే ఆగాయి.